ఆయన మీకు ఏమవుతారు?

లెక్కల మాస్టారు ప్రతిరోజూ పొద్దున్న ఏడుంబావుకల్లా బడికి వచ్చేవారు. మేడమెట్ల కింద మంచినీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడి, ఆ రోజు టైంటేబుల్ ఫోన్లో చదివి వినిపించేవారు.

"మొదటి పీరియడ్ ఎనిమిది బి. రెండు, తొమ్మిది ఎ. మూడు ఖాళీ. నాలుగు మళ్ళీ ఎనిమిది బి, అదే, ఆ కాకుల గుంపు. మధ్యాహ్నం రెండు పీరియడ్లు పదో తరగతి. అంతే. ఉంటాను మరి."

అయిదు నిమిషాలు కూడా పట్టేది కాదు. తర్వాత ఫోను జేబులో పెట్టుకుని, నా చేతిలో నీళ్ళ బకెట్టు ఉంటే అందుకుని, మేడ మీదికి మోసి పెట్టి, స్టాఫ్ రూములోకి వెళ్ళేవారు. నేనా బడిలో ఆయాని. మా ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాను. పంతొమ్మిదేళ్ళ నా ఆయాపనిలో బకెట్టు అందుకున్న మాస్టారు ఈయన ఒక్కరే. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఆయనది సరిహద్దుకి అవతలి దేశం. అక్కడా ఇక్కడా మాట ఒకటే. కట్టుబాట్లు మాత్రం మా దగ్గర గట్టివి.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "రోజూ ఆ పట్టిక ఎవరికి అప్పజెబుతారు మాస్టారూ?"

"ఇంట్లో అక్కా. ఏ గంటకి నేనెక్కడ ఉంటానో తెలియాలట. మిషను కుడుతూ, ఇప్పుడు ఫలానా క్లాసులో ఉన్నారు అనుకుంటూ ఉంటారట."

"అదృష్టవంతులు. మా ఆయన బతికుండగా నేను ఏ గదిలో ఉన్నానని ఏనాడూ అడగలేదు. కూర ఏ గిన్నెలో ఉందనే అడిగేవాడు."

ఆయన నవ్విన నవ్వుకి గ్లాసులో నీళ్ళు ఒలికి చొక్కా తడిసింది. ఆ చొక్కాలు కూడా ఇంట్లో కుట్టినవే. మామూలు జేబు కింద లోపలి వైపు ఇంకో చిన్న జేబు, దానికి ప్లాస్టిక్ అస్తరు. సుద్దముక్క అందులో వేసుకుంటే పొడి బయటికి రాదు. పిల్లలు ఆయన్ని జేబు మాస్టారనే పిలిచేవారు. ఆ పేరు ఆయనకీ తెలుసు. కోప్పడేవారు కాదు.

మాది ఆడపిల్లల బడి. పెళ్ళికాని మగవాళ్ళని టీచర్లుగా తీసుకోరు. పైదేశం వాళ్ళయితే మరీనూ. పెళ్ళయినవాళ్ళకి వెనకవైపు రెండు గదుల క్వార్టర్స్ ఇస్తారు. భార్యలు మెల్లగా వస్తారు, కొందరు రారు. మాస్టారు చేరేటప్పుడు కాగితంలో వివాహితుడని రాశారు. ఆయనకి వాళ్ళ ఊళ్ళో ఆవిడ ఉందని, మిషను కుడుతుందని, మంచి చెయ్యని బడంతా చెప్పుకునేది.

రెండో ఏడు వేసవి సెలవులకి ఆయన వెళ్ళేముందు నా యూనిఫాం కోటు ఒకటి ఇచ్చాను. చంకల దగ్గర ఎప్పుడూ పట్టేసేది, పై అద్దాలు తుడవడానికి చెయ్యి లేచేది కాదు. "మీ ఆవిడని అడిగి చూడండి, వదులు చేస్తుందేమో" అన్నాను. సెలవులయ్యాక కొత్త కోటే తెచ్చారు. చంకలో పలక ఆకారంలో అదనపు గుడ్డ వేసి కుట్టారు. ఆకాశానికి నిచ్చెన వేసినా చెయ్యి పట్టదు. కుడిపక్కన తాళంచెవులకి వేరే జేబు. నేను చెప్పకుండానే తాళంచెవుల సంగతి వాళ్ళకెలా తెలిసిందని అడిగితే మాస్టారు, "మీరు నడుస్తుంటే గలగలమంటాయని ఫోన్లో చెప్పానక్కా" అన్నారు.

అప్పట్నుంచి పొద్దున్నే తలుపులు తీసేముందు చేసుకునే ప్రార్థనలో ఆవిడని కూడా కలుపుకున్నాను. చూడని మనిషి నా చంక నొప్పి గురించి ఆలోచించింది. ఊరికే ఉంటే పాపం కాదూ?

ప్రార్థనతో ఆగి ఉంటే బాగుండేది. మూడో ఏడు వేసవిలో మాస్టారు ఊరెళ్ళినప్పుడు ప్రిన్సిపల్ గారి గదిలోకి వెళ్ళి, "జేబు మాస్టారి ఆవిడ ఒంటరిగా ఉంటోంది సార్. మీరు తలుచుకుంటే పర్మిట్టు ఎంతసేపు?" అన్నాను. ప్రిన్సిపల్ గారు మంచాయన. ఆయనే రెండుసార్లు పెద్దాఫీసుకి తిరిగి కాగితం సాధించారు. సెలవులు ముగిసిన మొదటి రోజు, స్టాఫ్ రూములో అందరి ముందు ఆ కాగితం మాస్టారి చేతిలో పెట్టారు.

"నెలలోగా తీసుకొచ్చేయండి. టికెట్టు బడి పెట్టుకుంటుంది. పేరు, ఫొటో ఇస్తే చాలు. ఇదంతా మన ఆయా పుణ్యం!"

అందరూ చప్పట్లు కొట్టారు. నేను తలుపు దగ్గర చీపురు పట్టుకుని మురిసిపోతున్నాను. మాస్టారు ఆ కాగితం వైపు చాలాసేపు చూశారు.

"ఆమె లేదండి. సెలవుల్లో చనిపోయింది" అన్నారు.

చప్పట్లు కొట్టిన చేతులు అలాగే ఉండిపోయాయి. డ్రాయింగ్ మేడం ఏడ్చేసింది. మర్నాడు అసెంబ్లీలో రెండు నిమిషాలు మౌనం పాటించాం. వారం రోజులు వంతులవారీగా ఆయన బల్ల మీద క్యారేజీలు పెట్టారు. నేను ఆవిడ కుట్టిన కోటు మడతపెట్టి ట్రంకుపెట్టెలో దాచి, పాత ఇరుకు కోటే మళ్ళీ తొడుక్కున్నాను. పోయినవాళ్ళ చేతి గుర్తు అరిగిపోకూడదని.

ప్రశ్నలు ఆగుతాయని ఆయన ఆ మాట అన్నారేమో. ఆగలేదు. ఆరు నెలలు గడవకముందే డ్రాయింగ్ మేడం మొదలుపెట్టింది.

"మా చిన్నాన్న కూతురుంది మాస్టారూ. ముప్ఫై నాలుగు. కుట్టుపని రాదు గానీ మాటకారి."

"ఇప్పుడే వద్దు మేడం."

"ఎప్పుడు మరి? పెళ్ళికూతురికి బదులు పళ్ళ డాక్టర్ని వెతకాల్సిన రోజులు వస్తున్నాయి!"

నేనూ తక్కువ తినలేదు. "ఒంటరి బతుకు నేను చూశాను మాస్టారూ, చారు కాచుకుంటే పొయ్యి కూడా వేళాకోళం చేస్తుంది. ఒప్పుకోండి" అని వెంటపడ్డాను. ఒకసారి ఆయన చీపురు అందుకుని గోడకి ఆనించి, "అక్కా, మీతో ఒక సంగతి చెప్పాలి" అన్నారు. "పెళ్ళికి ఒప్పుకున్నానని చెప్పండి, చాలు" అన్నాను. ఆయన నవ్వి వెళ్ళిపోయారు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

డ్రమ్ము దగ్గర టైంటేబుల్ చదవడం ఆగిపోయింది. భార్య పోయిన మనిషి పొద్దున్నే ఎవరికి చదువుతాడు? దానికి బదులు సుద్దపెట్టెల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవారు. ఏడవడానికి వెళ్తున్నారనుకున్నాను. ఎవరైనా అటు వస్తే, "కాసేపు ఆగండి, లోపల సామాను సర్దుతున్నాను" అని వెనక్కి పంపేదాన్ని. అలా నెలల తరబడి ఆ తలుపుకి కాపలా కాశాను.

ఒకరోజు సుద్దపెట్టె అవసరమై మరిచిపోయి తలుపు తోశాను. వీపు ఇటు పెట్టి ఆయన బస్తా మీద కూర్చున్నారు. ఫోనులోంచి మగగొంతు, నెమ్మదైన గొంతు, మిషను చప్పుడు వెనకాల.

"మూడో పీరియడ్ ఖాళీ కదా, అప్పుడు బిస్కట్లు తిను. అవునుగానీ, ఆయాగారి కోటు ఎలా ఉంది? కుట్లు ఊడలేదు కదా? ఆ జేబు కాస్త లోతు పెట్టాల్సింది."

మాస్టారు నవ్వుతున్నారు. మూడున్నరేళ్ళ కిందట గ్లాసులో నీళ్ళు ఒలికించిన నవ్వే.

తలుపు చప్పుడు కాకుండా మూసేశాను. నాకు చదువు తక్కువ గానీ చెవులు తక్కువ కాదు. చచ్చిపోయిన మనిషి బతికే ఉన్నాడు. నా కోటు కుట్టింది ఆయనే.

మా దగ్గర ఆ సంగతి బయటపడితే ఉద్యోగంతో పోదు. రెండేళ్ళ కిందట మా వీధిలో మందులషాపు అతన్ని ఇలాంటి మాట మీదే పోలీసులు వ్యానులో ఎక్కించుకుపోయారు. "తగిన శాస్తి" అన్నవాళ్ళ పక్కన నేనూ నిలబడి చూశాను. అతను నా మనవరాలి జ్వరానికి అర్ధరాత్రి లేచి మందిచ్చినవాడు. నేను నోరు మెదపలేదు.

మాస్టారి దగ్గరా మెదపలేదు. తలుపు దగ్గర కాపలా మాత్రం మానలేదు. పెళ్ళి మాట ఎత్తడం మానేశాను. పొద్దున్న ప్రార్థనలో మాత్రం, "మాస్టారి భార్య ఆత్మకి శాంతినివ్వు" అనే అంటూ వచ్చాను. లేదని తెలిసి కూడా. వేరే మాట అనడానికి దేవుడి ముందు కూడా భయమే. "మాస్టారూ, నాకు తెలుసు, పరవాలేదు" అని ఒక్క ముక్క అని ఉంటే, తర్వాత జరిగింది వేరేగా ఉండేదేమో.

పరీక్షలకి ఇంకో రెండు వారాలుందనగా ఆయన చొక్కా గుండీ ఒకటి ఊడి రెండురోజులు అలాగే ఉంది. సుద్దపెట్టెల గదిలోంచి మాటలు రావడం లేదు. ఆ మధ్యాహ్నం ప్రిన్సిపల్ గారి గదికి టీ తీసుకెళ్తే మాస్టారు అక్కడ కూర్చుని ఉన్నారు. పైదేశం వాళ్ళ పాస్‌పోర్టులు ఆఫీసు బీరువాలో ఉంటాయి. సెలవు కాగితం మీద ప్రిన్సిపల్ గారి సంతకం పడితేనే బీరువా తీస్తారు.

"ఆస్పత్రిలో ఉన్నారండి. కాలేయం పాడైందట. వారం రోజులు ఇప్పించండి" అంటున్నారు మాస్టారు.

ప్రిన్సిపల్ గారు ఫ్యాను ఆయన వైపు తిప్పి, ఫారం తీసి, కలం మూత విప్పారు. "తప్పకుండా. పరీక్షలైనా సరే, మనుషులు ముఖ్యం. ఎవరు? ఆయన మీకు ఏమవుతారు?"

మాస్టారు ఫారం కాస్త దగ్గరికి లాక్కున్నారు.

"ఇదిగో, ఈ గడిలో వరస రాయాలి. తల్లి, తండ్రి, అన్న, తమ్ముడు... ఏదో ఒకటి ఉండాలి కదా మాస్టారూ. తమ్ముడా?"

ప్రిన్సిపల్ గారు తోవ చూపిస్తున్నారని నాకే అర్థమైంది. అను మాస్టారూ, తమ్ముడని అను, అని ట్రే పట్టుకుని మనసులో మొక్కుకున్నాను. నేనే, "ఆయన తమ్ముడేనండి, నాకు చెప్పారు" అనవచ్చు. అనలేదు. మందులషాపు వ్యాను కళ్ళముందు తిరిగింది.

మాస్టారు కలం చివర వైపే చూస్తున్నారు. "ఏమీ కారండి. తెలిసినవాళ్ళు" అన్నారు.

"అలాగైతే రూలు ఒప్పుకోదే" అని ప్రిన్సిపల్ గారు నిజంగానే బాధపడ్డారు. టీ ఆయన వైపు జరిపారు. "పరీక్షలు అవగానే వెళ్ళిరండి. నేనే టికెట్టు చూస్తాను."

తొమ్మిదో రోజున, రెండో పీరియడ్ అయ్యాక, మాస్టారు తొమ్మిది ఎ లోంచి బయటికి వచ్చి సుద్దపెట్టెల గదిలోకి వెళ్ళడం చూశాను. మూడో పీరియడ్ ఆయనకి ఖాళీ. ఈసారి నేను కాపలా ఉండలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేశాను.

బస్తా మీద కూర్చుని ఉన్నారు. ఫోను ఒళ్ళో ఉంది.

"పోయారా మాస్టారూ?" అన్నాను.

ఆయన తలెత్తి చూశారు. ఎవరని నేను అడగలేదు. ఎలా తెలుసని ఆయన అడగలేదు.

"పొద్దున్న ఆరింటికి, అక్కా. వాళ్ళ మేనమామ ఇప్పుడు మెసేజి పెట్టాడు. మధ్యాహ్నానికి అంతా అయిపోతుందట." ఫోను బోర్లా తిప్పి అన్నారు, "ఆ కాగితం భయానికి నోటితో ఒకసారి చంపాను. మొన్న ఏమీ కారని ఇంకోసారి చంపాను. పదమూడేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. అన్నం ముందు నాకే వడ్డించేవాడు."

"మీ మాటకి మనుషులు చచ్చిపోరు మాస్టారూ. దేవుడు అంత చెవిటివాడూ కాదు, అంత తొందరవాడూ కాదు."

ఆయన ఏడవలేదు. "ఏడుద్దామన్నా ఎవరి కోసమని చెప్పను? నా భార్య పోయి ఏడాదిన్నర అయింది కదా. అందరూ ఏడ్చేశారు కూడా" అన్నారు.

నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఇక దాచలేకపోయాను. పర్మిట్టు అడిగింది నేనేనని ఆయనకి తెలుసు. తెలియనిది చెప్పాను: ఆ రోజు తలుపు తోసి విన్నానని, టీ ట్రే పట్టుకుని నోరు మూసుకున్నానని, ఏడాదిన్నరగా రోజూ పొద్దున్న లేని భార్య ఆత్మశాంతికి ప్రార్థన చేస్తున్నానని, బతికున్న మనిషి ఆరోగ్యం కోసం ఒక్క మాట అడగలేదని. "నన్ను క్షమించండి మాస్టారూ. ఆయన నా చెయ్యి లేవడం లేదని గుడ్డ వేసి కుట్టారు. నేను ఆయన కోసం పెదవి విప్పలేకపోయాను."

బయట పిల్లలు ఎక్కాలు అప్పజెబుతున్నారు. మాస్టారు లోపలి జేబులోంచి సుద్దముక్క తీసి, వేళ్ళ మధ్య తిప్పి, మళ్ళీ అందులోనే వేసుకున్నారు.

"ఆ కోటు ఉందా అక్కా?"

"పెట్టెలో ఉంది. పోయినవాళ్ళదని దాచాను."

"రేపట్నుంచి తొడుక్కోండి. వాడు అడుగుతూ ఉండేవాడు."

"అలాగే."

గంట కొట్టారు. నాలుగో పీరియడ్, ఎనిమిది బి. ఆయన లేచి, ప్యాంటుకి అంటిన సుద్దపొడి దులుపుకున్నారు. తలుపు దగ్గర ఆగి, వంగి, నా చెవిలో ఒక పేరు చెప్పారు. అది ఇక్కడ రాయను.

"రేపు పొద్దున్న ప్రార్థనలో ఈ పేరు చెప్పండక్కా. మీకేమవుతాడని దేవుడు అడగడు. ఈయన ఆ మాస్టారికి ఏమవుతాడని అడిగితే మాత్రం, ఇంటాయనని చెప్పండి. నేను చెప్పలేకపోయాను. మీరు చెప్పండి."