ఎడమకు తిరిగిన మర

మా ఆయన జీపు ఇంటికి వచ్చే ముందు దాని చప్పుడు వచ్చేది. యుద్ధం అయిపోయినాక మిలిటరీవాళ్ళు వేలం వేస్తే కొన్న బండి అది. నాలుగు చక్రాలూ లాగుతాయని డోన్ చుట్టుపక్కల పల్లెల్లో దానికి గొప్ప పేరు. లాగే సంగతి ఎట్లున్నా, ముందు చక్రాల దగ్గర మాత్రం గడగడా కొట్టుకునేది. స్టీరింగు పట్టుకున్న ఆయన చేతులు జొరమొచ్చినట్టు వణికేవి. బేతంచెర్ల అవతల పల్లెలో మా అమ్మ ఆ చప్పుడు దూరాన్నే విని, మేం దిగేలోపల పొయ్యి మీద ఎసరు పెట్టేది.

నాకప్పుడు తొలికాన్పు. ఏడో నెలలో పుట్టింటికి చేర్చాలి. ఎనిమిది పడితే ఇక కదిలించరు, తొమ్మిదో నెల దాకా ఆగాల్సిందే. నాయన పోయినాడు, అన్నదమ్ములు లేరు, వచ్చి పిలుచుకుపోయేవాళ్ళు ఎవరూ లేరు. నేనే దించి వస్తానన్నాడు మా ఆయన. శుక్రవారంతో నాకు ఎనిమిది పడుతుంది. అంటే గురువారం దాటితే ఇంకో నెల దాకా నాకు అమ్మ మొహం చూసే దారి లేదు.

మా అత్త ఒకటే మాట పట్టుకుంది. "ఆ గడగడ తగ్గితేనే నా కోడలు ఆ బండెక్కేది. లేదంటే ఈన్నే ఉంటాది."

బుధవారం పొద్దున కర్నూలు నుంచి మేస్త్రీ సాయిబు వచ్చినాడు. జీపు కింద దూరి చూసి, స్ప్రింగు పట్టీలను చట్రానికి తగిలించే కొక్కేల దగ్గర బుష్షులు అరిగిపోయినాయన్నాడు. బుష్షు అంటే లోపల సీసా మూతకున్నట్టు చుట్లు తిరిగిన మర ఉన్న చిన్న ఇనుప గొట్టం. పాతవాటిలో మర అన్నదే మిగల్లేదు, సుత్తితో నాలుగు దెబ్బలేస్తే ఊడి రాలినాయి. కొత్తవి వెంట తెచ్చినాడు, వాటి నిండా గట్టిపడిన గ్రీజు.

అన్నీ ఎక్కినాయి, ఒక్కటి తప్ప. డ్రైవరు పక్క కొక్కేనికి కింద ఎక్కాల్సింది. ఎంత తిప్పినా ఒక చుట్టు కూడా పట్టదు.

"వేరే బండిదేమన్నా నీకు అంటగట్టినారేమో చూడు సాయిబూ," అన్నాడు మా ఆయన.

"కొలత అదే ఉండాదప్పా. నాకే బుర్ర పనిచేస్తాండ్లేదు. కొక్కెం వంగిందో ఏమో."

కొక్కెం విప్పి కొలిచినారు. వంగలేదు. నూనె పోసినారు, గుడ్డ చుట్టి తిప్పినారు, చివరికి ఇద్దరూ దాన్ని చేతులు మార్చుకుంటూ చూస్తూ కూర్చున్నారు. నేను మా అమ్మకు ఇవ్వాల్సిన కొర్రల మూట విప్పి కట్టి, విప్పి కట్టి, ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు. చక్రం బాగానే ఉంది, ఇంజను బాగానే ఉంది, బొటనవేలంత ఇనుప గొట్టం నన్ను పుట్టింటికి పోనీయడం లేదు. ఇదెట్లా అని ఎవరిని అడగాలి?

గురువారం తెల్లారింది. మా అత్త రేపటి శుక్రవారానికి ఇత్తడి సామాన్లు ముందేసుకుని చింతపండు, బూడిదతో తోముతోంది. ఆ ఎక్కని బుష్షు అరుగు మీద జిడ్డు కారుతూ పడి ఉంది. "నా అరుగంతా పాడు చేసినారు గదరా," అని గొణుగుతూ దాన్ని కూడా చెంబులతో పాటు తోమి ఎండకు పడేసింది.

రాత్రికి మా ఊళ్ళోనే ఆగిపోయిన సాయిబు చేతులు కడుక్కోవడానికి వచ్చి, ఎండలో తళతళలాడుతున్న దాన్ని తీసినాడు. తల చుట్టూ సన్నగా గాడి కోసి ఉంది. నిన్న గ్రీజు నిండి కనబడలేదు. మిగతావాటిని తుడిచి చూస్తే ఒక్కదానికీ ఆ గాడి లేదు. లోపలికి తొంగి చూసి నవ్వడం మొదలుపెట్టినాడు.

"అప్పా, దీని మర ఎడమకు తిరిగి ఉండాది! ఈ గాడి దానికే గుర్తు. మనం నిన్నంతా కుడికే తిప్పినాం."

నాకేం అర్థం కాలేదు. ఎడమకు తిప్పితే ఏదైనా ఊడుతుంది గానీ బిగుస్తుందా? మా ఆయనకూ నమ్మకం కుదరలేదు. మా అత్తకైతే కోపమే వచ్చింది.

"ఎడమకా? కడుపుతో ఉండే పిల్ల ఎక్కే బండికి అప్రదక్షిణం చేస్తావా సాయిబూ? నేను దిష్టి తీసినా కుడికే తిప్పుతా."

"పెద్దమ్మా, నేను తిప్పేది బుష్షును. నీ కోడల్ని కాదు గదా!"

"నీకు నవ్వులాట. ఇంకో దావ చూడు."

"ఇంకో దావ లేదు పెద్దమ్మా. కుడికి తిప్పితే అది జన్మలో ఎక్కదు."

మా అత్త నా వైపు చూసింది. నేను తలొంచుకుని మూట కట్టుకుంటున్నాను. ఏడుపు ఆపుకుంటున్నానని ఆమెకు తెలిసిపోయింది.

"సరే, తిప్పు," అంది చేతిలో చెంబు బోర్లించి. "కానీ బండి కదిలినాక ముందు ఇంటి చుట్టూ కుడికి తిరిగి రావల్ల. అప్పుడే పిల్ల ఎక్కుతాది."

ఎడమకు తిప్పితే వెన్నలో వేలు పోయినట్టు పోయింది. మా ఆయన గంభీరంగా మొహం పెట్టుకుని, కోళ్ళను తోలుకుంటూ ఇంటి చుట్టూ ప్రదక్షిణం చేసుకొచ్చినాడు. సాయిబు పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. నేను ఎక్కినాను.

దారంతా ఇంకో తికమక. గడగడ లేదు. ఆయన మాటిమాటికీ బండి ఆపి, దిగి, చక్రం ఊడిందేమోనని చూసేవాడు. ఊడలేదు. "ఏమో, నాకు భయమైతాంది. ఇంత నిమ్మళంగా పోతాందేమి?" అనేవాడు. నేను కడుపు మీద చెయ్యి పెట్టుకుని, ఎడమకు తిప్పితే బిగుసుకోవడం ఎట్లా అని ఆలోచిస్తూనే ఉన్నాను. ఈనాటికీ నాకది అంతుపట్టలేదు.

పొద్దు వాలకముందే చేరినాం. వాకిలి చేరవేసి ఉంది, పొయ్యి చల్లగా ఉంది. అమ్మ పెరట్లో కాళ్ళు చాపుకుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. మధ్యాహ్నం దాకా చెవులు రిక్కించి విని, చప్పుడు రాకపోయేసరికి ఇక నెల దాటినాకే వస్తామనుకుందట. నన్ను చూసి లేవబోయి, ఒడిలో గింజలన్నీ రాల్చుకుంది.

"బండి చప్పుడే లేదు గదమ్మా. దేంట్లో వచ్చినారు?" అంది, కళ్ళు తుడుచుకుంటూ నా వెనక వాకిలి వైపు చూస్తూ.