నలభై మూడు రకాల కలుపు

కొత్త సూపరింటెండెంటుగారు పార్కులో చేరిన మొదటి వారంలోనే ఒక మంచి ఫొటో దిగుదామనుకున్నారు. ఒత్తుగా, పచ్చగా ఉన్న చోటు వెతుక్కుంటూ వెళ్ళి, పంపుగది వెనక గోడ మీదికి పాకిన తీగకి వీపు ఆనించి నిలబడ్డారు. ఫొటో చక్కగా వచ్చింది. తీగ దూలగొండి. ఆ కాయల మీది నూగు చొక్కా దాటి లోపలికి వెళ్ళడానికి ఎంతోసేపు పట్టలేదు. మరో గంటకి, పార్కు చూడ్డానికి వచ్చిన బడిపిల్లలకి క్రమశిక్షణ గురించి ఆయన నాలుగు మాటలు చెప్పవలసి ఉంది. చెప్పారు కూడా. కాకపోతే ప్రసంగం మొత్తం స్తంభానికి వీపు రాస్తూ సాగింది. పిల్లలు బుద్ధిగా విన్నారు. వెళ్ళేటప్పుడు ముగ్గురు అదే స్తంభానికి వీపు రాసి మరీ వెళ్ళారు.

ఆ తీగని అక్కడ పెంచింది కలుపు పెద్దమ్మ.

పార్కులో ఆవిడని అందరూ పిలిచే పేరు అదే. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆవిడ ఉద్యోగం కలుపు తీయడం. పొద్దున్నే చిన్న తొలిక పట్టుకుని గులాబీల మధ్య గొంతుక్కూర్చుంటే, మధ్యాహ్నానికి ఆ వరస మొహం కడిగినట్టు తయారయ్యేది. ఉద్యోగంలో ఆవిడకి వంక పెట్టిన అధికారి లేడు. కాని ఆవిడకి ఒక దొంగ అలవాటు ఉంది. పీకిన ప్రతి జాతిలోంచీ ఒక్క మొక్కని వేళ్ళు చెడకుండా తడిగోనెలో చుట్టి, పంపుగదికీ ఎరువుగుంటకీ మధ్య ఎవరూ అడుగు పెట్టని మూలలో నాటేసేది. తుమ్మి, ఉత్తరేణి, గుంటగలగర, నేల ఉసిరి, పల్లేరు, జిల్లేడు. అలా ఒక్కొక్కటే చేరి నలభై మూడు రకాలయ్యాయి. పగలల్లా పీకే చెయ్యే సాయంత్రం నాటుతుందన్నమాట. "జీతం పీకినందుకు, జీవితం నాటినందుకు" అని నవ్వేది.

ఆ మూలలోకి ఏది పడితే అది రాకూడదు. దానికో పరీక్ష ఉంది. ఆకు పట్టుకుని వెలుతురుకెదురుగా పెట్టి చూసేది. చిల్లులుంటే చోటిచ్చేది. ఒక్క చిల్లూ లేకపోతే గెంటేసేది.

"పురుగు ముట్టని ఆకు మన నేలది కాదే. ఇక్కడి పురుగుకి దాని రుచి తెలీదు. మన నేలదైతే ఎవడో ఒకడు వచ్చి కొరకాలి" అని చెప్పేది. కొనుక్కొచ్చిన పూలమొక్కల మీద ఆవిడకి కోపం లేదు. పాపం, తెస్తే వచ్చాయి. వయ్యారిభామ కనిపిస్తే మాత్రం పూనకం వచ్చినట్టు పీకేది. "చుట్టమై వచ్చి ఇల్లు రాయించుకునే రకం ఇది!"

ఈ మాటలన్నీ ఆవిడ చెప్పేది తోడికోడలికి. మరిది పెళ్ళి చేసుకుని తెచ్చిన ఆ పిల్లని పదకొండేళ్ళ కిందట పెద్దమ్మే వెంటబెట్టుకొచ్చి పార్కులో పనికి పెట్టించింది. ఒకే ఇంట్లో రెండు వాటాలు, మధ్యలో ఒక గోడ. పార్కులో వాళ్ళు ఆమెకి చిన్నమ్మ అని పేరు పెట్టేశారు. కొత్తలో చిన్నమ్మ కలుపు తీస్తుంటే బంతినారు కూడా కలుపుతోనే వెళ్ళిపోయేది. పెద్దమ్మ రోజూ సాయంత్రం నడుముకి దోపుకున్న ఆకులు తీసి, ఆమె కళ్ళు మూయించి, నలిపి ముక్కు దగ్గర పెట్టేది.

"చెప్పు."

"తుమ్మి."

"ఇది?"

"అక్కా, ఇది నీ చెయ్యి."

నాలుగేళ్ళకి చిన్నమ్మ రెండాకుల మొలకని చూసి పేరు చెప్పే స్థితికి వచ్చింది. తీగలకి పందిరి కర్ర కట్టడం కూడా పెద్దమ్మే నేర్పింది. పురి బిగించకూడదు, కాడకీ గుడ్డపీలికకీ మధ్య చిటికెనవేలు దూరేంత సందుండాలి, ముడి పక్కకి తిరిగుండాలి. "మొక్క కూడా ఊపిరి పీల్చుకోవాలి కదే." ఆ ముడి వేయడం పార్కు మొత్తం మీద ఇద్దరికే వచ్చు.

ఇంతలో పెద్దమ్మకి పన్ను నొప్పి వచ్చింది. దవడపన్ను పీకాలన్నారు, మూడు రోజులు సెలవు పెట్టింది. వెళ్ళే ముందు చిన్నమ్మకి అప్పగింతలు పెట్టింది.

"జిల్లేడు మీద చారల పురుగులు దిగాయి. పదకొండున్నాయి. రోజూ ఒకసారి చూడు. ఎవరైనా మందు కొట్టబోతే నా పేరు చెప్పి ఆపు."

"చూస్తాలే అక్కా, నువ్వు నోరు మూసుకుని పడుకో."

"అదేగా డాక్టరు కూడా చెప్పేది."

నాలుగో రోజు పొద్దున పెద్దమ్మ పార్కుకొచ్చింది. ఒక బుగ్గ బత్తాయిలా పొంగి ఉంది. నోట్లో దూది. ఆ దూది తీయకూడదని, ఇవాళ్టికి మాట్లాడకూడదని డాక్టరు చెప్పాడు. తొలిక తీసుకోకుండానే నేరుగా పంపుగది వెనక్కి వెళ్ళింది.

మూల లేదు. ఆ చోటంతా చదును చేసి ఎర్రకంకర పరిచారు. కంకర మధ్య గీత గీసినట్టు కొత్త మొక్కలు, నూనె రాసినట్టు మెరుస్తున్న వెడల్పాటి ఆకులు. పెద్దమ్మ ఒక ఆకు పట్టుకుని వెలుతురుకెదురుగా పెట్టింది. సూదిమొన దూరేంత చిల్లు కూడా లేదు.

ఎరువుగుంట పక్కన కుప్ప కనిపించింది. దాని ముందు చతికిలబడి, మొక్కలు ఒక్కొక్కటే పక్కకి తీసి పెట్టుకుంటూ లెక్కపెట్టింది. నలభై మూడు. ఒక్కటీ తప్పిపోలేదు. ఆవిడకి అనుమానం వచ్చింది అప్పుడే. ఎందుకంటే కూలీలు చేసిన పనైతే ఇలా ఉండదు. వాళ్ళు పైకి కనిపించినవి నరికి, చిన్నవి తొక్కేసి, సగం వదిలేసి పోతారు. ఇక్కడ ఉత్తరేణి పక్కన దాక్కున్న వేలెడు నేల ఉసిరిని కూడా వెతికి పట్టుకున్నారు. అదే సమయంలో, నీటిగొట్టం పక్కన నడుమెత్తు పెరిగిన వయ్యారిభామ జోలికి ఎవరూ పోలేదు. అది పెద్దమ్మ మూలది కాదని ఆ పీకించిన మనిషికి తెలుసు.

ప్రతి మొక్కకీ ఒక గుడ్డపీలిక కట్టి ఉంది, పీకేవాళ్ళకి గుర్తుగా. నీలం పువ్వుల దుప్పటి ముక్క. ఆ దుప్పటి కిందటేడు తోడికోడళ్ళిద్దరూ కలిసి కొని, సగానికి చింపుకుని చెరో ముక్కా తీసుకున్నది. పెద్దమ్మ వాటా ఇప్పుడు తన మంచం మీదే పరిచి ఉంది. ఆవిడ ఒక పీలికని వేలితో ఎత్తింది. చిటికెనవేలు సుఖంగా దూరింది. ముడి పక్కకి తిరిగి ఉంది. చంపబోయే మొక్కలకి ఊపిరాడేలా కట్టింది పిచ్చిది! నలభై మూడింటికీ అంతే శ్రద్ధగా కట్టింది.

మొక్కలు పోయినందుకైతే పెద్దమ్మ ఏడ్చి ఊరుకునేదేమో. అధికారులు మారినప్పుడల్లా పార్కులో ఏదో ఒకటి పోతూనే ఉంటుంది. కాని ఈసారి పోయిన ప్రతి మొక్క పేరూ తన నోటితో నేర్పినది. తను నేర్పకపోయి ఉంటే సగమన్నా మిగిలేవి.

పనిముట్ల గదిలో చిన్నమ్మ తొలికలు కడుగుతోంది. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి, చేతిలోని పీలికని ముందుకు చాపింది. తిట్టడానికి ఆవిడ దగ్గర మంచి సరుకే ఉంది. నోట్లో దూది ఉంది. జన్మకొక్కసారి తిట్టవలసిన రోజున నోరు తెరవలేకపోవడం కన్నా అవమానం ఇంకోటుండదు. పొంగిన బుగ్గతో, ఏదో అలిగిన పసిపిల్లలా నిలబడిందావిడ.

కాని ఆ మౌనమే పని చేసింది. తిడితే చిన్నమ్మ ఎదురు తిట్టేది. ఏమీ అనకపోయేసరికి అంతా తనే కక్కేసింది.

"అలా చూడకు అక్కా. ఆ ఫొటో దిగినప్పటినుంచీ సారు వీపంతా దద్దుర్లు. ఆ మూల మొత్తం తీసేయమన్నారు. నేను చెప్పాలని వెళ్ళలేదు, ఒట్టు. అందరినీ నిలబెట్టి, ఇక్కడ ఏవి పనికిరానివో తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. నేను చెయ్యెత్తాను."

పెద్దమ్మ పీలిక దించలేదు.

"దూలగొండి ఒక్కటి చూపిస్తే సరిపోయేది, నాకూ తెలుసు. కాని ఆయన 'నీకు ఇవన్నీ తెలుసా?' అన్నారక్కా. కుర్చీ వేయించారు. నేను పేరు చెప్తుంటే గుమాస్తా రాసుకున్నాడు. పదకొండేళ్ళలో నన్నెవరూ ఏదీ అడగలేదు. ఎవరైనా ఏదైనా అడగాలంటే నిన్నే అడుగుతారు. ఒకటి చెప్పాక ఇంకోటి చెప్పాలనిపించింది. ఇంకోటి చెప్పాక..." చిన్నమ్మ కడిగిన తొలికనే మళ్ళీ కడిగింది. "నలభై మూడూ చెప్పేశాను. ఒక్కటి కూడా మర్చిపోలేదు." ఆఖరి మాటలో ఇంకా కాస్త గర్వం మిగిలే ఉంది. అది తనకే వినపడి తల దించుకుంది.

పెద్దమ్మ ఆ పీలికని బల్ల మీద పెట్టి, తొలిక తీసుకుని గులాబీల దగ్గరికి వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండా చిన్నమ్మని మేస్త్రీని చేశారు. మేస్త్రీ పోస్టు రెండేళ్ళుగా ఖాళీగా ఉంది. మొక్కల పేర్లన్నీ తెలిసిన మనిషి ఎవరున్నారని చూస్తే, కుర్చీలో కూర్చుని నలభై మూడు చెప్పిన మనిషే సారు కళ్ళ ముందు మెదిలింది. మెడలో ఈల, చేతిలో హాజరు పుస్తకం. మొదటి రోజు పెద్దమ్మ దగ్గరికొచ్చేసరికి పేరు పిలవాలో, అక్కా అనాలో తెలియక చిన్నమ్మ ఈల ఊదింది. రెండడుగుల దూరంలో ఉన్న మనిషి కోసం ఈల ఊదడం చూసి పంపు డ్రైవరు మూడు రోజులు నవ్వాడు. పెద్దమ్మ మాత్రం లేచి నిలబడి "ఉన్నానండి" అంది.

ఆ 'అండి' చిన్నమ్మకి దూలగొండి కన్నా ఎక్కువ గుచ్చుకుంది.

ఇంట్లోనూ అదే వరస. ఇదివరకు అగ్గిపెట్టె కావాలంటే మధ్య గోడ మీద రెండు దెబ్బలు, ఉల్లిపాయ కావాలంటే మూడు. ఇప్పుడు గోడ పలకడం మానేసింది. చిన్నమ్మ రెండుసార్లు కొట్టి చూసింది. పెద్దమ్మ తన కొడుకు చేత అగ్గిపెట్టె పంపించింది, తను రాలేదు.

ఒక మధ్యాహ్నం వాళ్ళిద్దరూ కంకర దగ్గర ఎదురుపడ్డారు. అప్పుడే నారింజ రంగు సీతాకోకచిలుక ఒకటి గోడ దాటి వచ్చింది. గుడ్లు పెట్టడానికి జిల్లేడు వెతుక్కుంటోంది. మెరిసే ఆకు మీద వాలి, కాళ్ళతో తడిమి, లేచి, రెండో ఆకు మీద వాలింది. మూడో ఆకు. వరస మొత్తం అలా అడిగి అడిగి, గోడ మీదుగా వెళ్ళిపోయింది. ఇద్దరూ చూశారు. ఒకప్పుడైతే ఒకరి మోచెయ్యి ఇంకొకరికి తగిలేది. చిన్నమ్మ ఏదో అనబోయింది. పెద్దమ్మ అప్పటికే వెనక్కి తిరిగింది.

తర్వాత వానలు పడ్డాయి. ఇరవై ఎనిమిదేళ్ళుగా గింజ రాలిన నేల అది, పైన కంకర పోసినంత మాత్రాన ఊరుకుంటుందా? పది రోజులకి రాళ్ళ సందుల్లోంచి రెండాకులు, నాలుగాకులు తలలెత్తాయి. తుమ్మి వచ్చింది. గుంటగలగర వచ్చింది. గోడ మొదట్లో జిల్లేడు మోడు చిగిర్చింది. ఆ మడి కలుపు తీయవలసింది పెద్దమ్మే. ఆవిడ రోజూ వెళ్ళి కూర్చునేది. లేచేసరికి గట్టు వెంట ఉన్న వయ్యారిభామ మాత్రం ఉండేది కాదు, మిగతావన్నీ ఉండేవి.

చిన్నమ్మ కూడా చూసింది. రెండాకుల దశలోనే గుర్తుపట్టగల మనిషి చూడకుండా ఎలా ఉంటుంది? కాని సారుకి చెప్పలేదు. రోజూ అటుగా వెళ్ళేటప్పుడు హాజరు పుస్తకంలో తల దూర్చుకుని వెళ్ళేది. అదొక రకం క్షమాపణ. పెద్దమ్మ దాన్ని తీసుకోలేదు, తిరగ్గొట్టనూ లేదు.

ఒక సాయంత్రం చిన్నమ్మ పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఒక ఆకు. నలభై మూడింటిలో లేనిది. కంకర పోయకముందు ఎన్నేళ్ళనుంచి నేలలో పడుకుని ఉందో, ఇప్పుడు లేచింది.

"అక్కా, ఇదేమిటో తెలియడం లేదు. కళ్ళు మూసుకుని వాసన చూశాను, అయినా తెలియలేదు."

పెద్దమ్మకి ఆకు అంచు చూడగానే తెలిసింది. ఆ మొక్క కోసం తను తొమ్మిదేళ్ళు పార్కంతా వెతికింది. కళ్ళల్లో మెరుపు వచ్చింది కూడా, చిన్నమ్మ అది చూసింది.

"ఏమోనమ్మా. మేస్త్రీగారు, మీకు తెలియనిది నాకేం తెలుస్తుంది?" అంది.

తలుపు నెమ్మదిగానే వేసింది. వేశాక చాలాసేపు గడియ మీద చెయ్యి తీయలేదు. అవతల మెట్టు మీద చిన్నమ్మ ముక్కు చీదుకోవడం వినిపిస్తూనే ఉంది. తీద్దామా అనుకుంది. పీలికల ముడి గుర్తొచ్చింది. తీయలేదు.

వానలు వెలిశాక సూపరింటెండెంటుగారు తన కొత్త మడి చూసుకోవడానికి వచ్చారు, గోడకి నాలుగు గజాల దూరం నుంచే. మెరిసే ఆకుల వరస ఎక్కడుందో కనిపించలేదు. మోకాలెత్తు పచ్చదనం, తెల్లటి పూలు, ఆకుల నిండా చిల్లులు, జిల్లేడు కొమ్మ మీద నలుపూ పసుపూ చారల పురుగులు. ఆయనకి కోపంతో వీపు దురద పెట్టినట్టయింది.

పక్కన మేస్త్రీ హోదాలో చిన్నమ్మ, ఎదురుగా తొలికతో పెద్దమ్మ.

"ఏమ్మా, ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు! ఏది కలుపో ఏది మొక్కో కూడా తెలియకపోతే ఎలాగ?" అని కేకలేశారాయన.

పెద్దమ్మ తొలిక మట్టి దులుపుకుని, ఆయన వైపు కాకుండా తోడికోడలి వైపు చూస్తూ చెప్పింది:

"నాకు తెలిసిందంతా ఈవిడకి నేర్పేశాను సారూ, నా దగ్గరింకేమీ మిగల్లేదు."