దుర్గ తక్కెడకు ఎర్ర జెండా

కరోనా మూతలు తీసేసి బడులు మళ్ళీ తెరిచిన రెండో ఏడు అది. బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో మలంచా రోడ్డు నుంచి కాస్త లోపలికి వెళ్తే ఒక చిన్న బడి ఉంది, అయిదో తరగతి దాకా. పిల్లల్లో ఎక్కువమంది రైల్వే వర్క్‌షాపులో పనిచేసే తెలుగువాళ్ళ పిల్లలు. నేను క్యారేజీ ఫిట్టరుగా, అంటే రైలు పెట్టెలు విప్పి బాగుచేసేవాడిగా రిటైరయ్యాక, ఆ బడి పెద్ద టీచరు సుజాత గారు నన్ను చేతిపని నేర్పడానికి పిలిచారు.

నేను బడిలో చదివింది అయిదు వరకే. తక్కిన చదువంతా గోల్‌బజార్ కొట్లలో సరుకులు కట్టి ఇచ్చే తెలుగు పేపరు ముక్కల మీద సాగింది. వార్త సగమే ఉండేది. మిగతా సగం ఎవరింటికి పప్పు పొట్లంగా పోయిందో తెలిసేది కాదు. ఆ సగాన్ని నేనే ఊహించుకునేవాణ్ణి, ఎప్పటికో అది తప్పని తెలుసుకునేవాణ్ణి. పిల్లలైనా ముసలివాళ్ళైనా నేర్చుకునే దారి అదేనని ఇప్పటికీ నా నమ్మకం.

అందుకే ఈ కాలపు ప్రాజెక్టులు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పిల్లవాడు చెయ్యాలని టీచరు ఇస్తుంది. తల్లి బజారుకు వెళ్ళి థర్మోకోల్ అగ్నిపర్వతం కొనుక్కొస్తుంది. తండ్రి రంగు వేస్తాడు. పిల్లవాడు దాన్ని మోసుకొచ్చి మార్కులు పట్టుకుపోతాడు. వాడు నేర్చుకున్నదల్లా కూలీ పని. ఇదేమిటని అడిగితే తల్లిదండ్రులు, బెంగాలీలో తాతను పిలిచినట్టు, “టైం లేదు దాదూ” అంటారు. నేర్చుకోవడానికి లేని టైం దేనికుందో ఒక్కరూ చెప్పరు.

ఈ రోగానికి మందు నేను వర్క్‌షాపు నుంచే తెచ్చాను. రైలు పెట్టెల వరసను రేక్ అంటారు. దాని కింద దూరి పనిచేసేటప్పుడు రెండు చివరలా ఎర్ర జెండా పెడతాం. అది ఉన్నంతసేపూ ఇంజను దగ్గరికి రాకూడదు, బండి కదలకూడదు. పెట్టినవాడే దాన్ని తియ్యాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా ఇంకొకడి జెండా మీద చెయ్యి వెయ్యడు, కింద ఉన్నది మనిషి కనుక. నేను పాత ఎర్రగుడ్డ చింపి, ఐస్‌క్రీం పుల్లలకు అంటించి, పిల్లలకు తలా ఒక జెండా ఇచ్చాను. పని మొదలుపెట్టగానే మట్టిముద్దలో గుచ్చి పక్కన పెట్టుకోవాలి. అది ఉన్నంతవరకు తల్లిదండ్రులు, టీచర్లు, నాతో సహా ఎవరూ ఆ పని ముట్టకూడదు. పిల్లలకు ఈ కట్టుబాటు ఎంత నచ్చిందంటే, ఇళ్ళలో అన్నం కంచాల పక్కన కూడా జెండాలు లేచాయి.

ఆ ఏడు మూడో తరగతిలోకి దుర్గ వచ్చింది. బడులు మూసినప్పుడు పలాస దగ్గర అమ్మమ్మ ఊళ్ళో ఉండిపోయింది. తిరిగివచ్చాక బడిలో నోరు విప్పలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది, అంతే. ఇంట్లో తల్లితో మాత్రం గుసగుసగా మాట్లాడేదట. బడిలో మాత్రం పిల్లలు వెక్కిరించడం కూడా మానేశారు. అంతకన్నా దిగులుపడాల్సింది లేదు.

దుర్గ తండ్రి సింహాచలం వర్క్‌షాపులో ఫిట్టరు. ఒక సాయంత్రం పిల్లను తీసుకెళ్ళడానికి వచ్చి, గేటు దగ్గర సైకిలు ఆపి, కూతుర్ని చూపిస్తూ అన్నాడు:

“బాబాయ్, ఈ గుంటని మళ్ళీ పలాసలో ఒగ్గేస్తాను. అమ్మమ్మతో అయినా మాటాడుద్ది.”

“ఇక్కడేటి సేసింది?”

“ఏటీ సెయ్యనేదు. అదే గదా గొడవ! అందరూ మూగపిల్లేటని అడుగుతున్నారు. ఆళ్ళమ్మ ఒగ్గనని ఏడుస్తంది. నానేటి సెయ్యను సెప్పు?”

“ఆగు.”

“ఎంతకాలం ఆగను? ఈ శనివారం ఆ షేరింగో ఏటో ఉందంట గదా. అందరి ముందూ నాలుగు ముక్కలు సెప్పిందా, ఉంటది. నేదా, ఆదివారం బండెక్కించేస్తాను.”

“పిల్లేటి సిగ్నలనుకున్నావేట్రా, నువ్వు లీవరు లాగ్గానే పడ్డానికి?” అని కసిరాను.

పిల్ల సైకిలు వెనక నిలబడి అంతా వింది. తండ్రి చెడ్డవాడు కాదు. కూతురు మాట్లాడకపోతే అది తన ఇంట్లో ఏదో లోపమని జనం అనుకుంటారని కుంగిపోతున్నాడు. వెళ్ళేటప్పుడు పిల్లను సీటు మీద ఎంత జాగ్రత్తగా కూర్చోబెట్టాడో నేను చూశాను.

షేరింగ్ అంటే నెలాఖరు శనివారం పిల్లలు తాము చేసిన పనిని తల్లిదండ్రుల ముందు పెట్టి చెప్పుకోవడం. సంగతి తెలిసి సుజాత గారు కంగారుపడ్డారు. “తాతగారూ, నాలుగు వాక్యాలు బట్టీ పట్టిద్దామండీ. పాపం, తల్లిని వదిలి వెళ్ళిపోతుంది” అన్నారు. ప్రయత్నించారు కూడా. దుర్గ ఆవిడ పెదవుల వంక చూస్తూ కూర్చుంది కానీ తన పెదవి కదపలేదు.

ఆ వారమంతా దుర్గ కొబ్బరి చిప్పలతో తక్కెడ చేసింది. కాడగా ఒక పుల్ల, దాని మధ్యలో పురికొస, రెండు చివరలా రెండు చిప్పలు. ఒక చిప్ప మందం, ఇంకోటి పలచన. కాడ ఒకవైపు వాలిపోయేది. తేలిక చిప్పకు అడుగున కాస్త తడిమట్టి అంటించింది. చూసింది. చిటికెడు గిల్లింది. మళ్ళీ అంటించింది. శుక్రవారం సాయంత్రానికి కాడ ఎటూ వాలకుండా, నేలకు సమంగా నిలబడింది. జెండా మాత్రం తియ్యకుండానే ఇంటికి వెళ్ళింది.

శనివారం తల్లిదండ్రులందరూ వచ్చారు. మొదట ఒక రైలు డ్రైవరు గారి కొడుకు రోహిత్ ఖాళీ కుండీ పట్టుకొచ్చాడు.

“నాను శెనగ్గింజ నాటినాను. ఏర్లొచ్చినాయో నేదో అని రోజూ పీకి సూసినాను. మళ్ళీ పెట్టినాను. అది సచ్చిపోయింది.”

“దీనివల్ల ఏం నేర్చుకున్నావు నాన్నా?” అని సుజాత గారు అడిగారు.

“మొక్క ఉన్నకాడికి మా అక్కని పంపకూడదు. అది కూడా పీకింది.”

హాలంతా నవ్వింది. నాకు మాత్రం వాడి కుండీ కొన్న అగ్నిపర్వతాలన్నిటికన్నా గొప్పగా కనిపించింది.

తర్వాత దుర్గ. తక్కెడను బల్ల మీద కట్టిన కొక్కేనికి తగిలించి, పక్కన తన జెండాను కూడా తెచ్చి పెట్టింది. కాడ ఒరిగిపోయింది. ఒక చిప్ప పైకి లేచింది, ఒకటి కిందికి దిగింది. పిల్ల దాన్నే చూస్తూ నిలబడిపోయింది.

“ఇరిగిపోయిందేటి?” అని వెనక ఎవరో అన్నారు.

“ఆళ్ళ నాన్న ఫిట్టరే గదా, ఓ సెయ్యేస్తే పోద్ది.”

ఆ మాటతో సింహాచలం లేచి వచ్చాడు. కాడ పట్టుకోబోయాడు. నా చెయ్యి కూడా లేచింది. పిల్ల రేపు బండెక్కుతుందన్న భయంలో నేను పెట్టిన కట్టుబాటే నాకు గుర్తు రాలేదు. రెండు వైపుల నుంచి రెండు చేతులు వెళ్ళాయి. మధ్యలో దుర్గ అరచెయ్యి అడ్డం వచ్చింది.

“జెండా ఉంది.”

గట్టిగా కూడా అనలేదు.

“నాన్నా, జెండా ఉంది. తాతా, నువ్వూను.”

వర్క్‌షాపు మనిషి చెవిన ఆ మాట పడితే ఆలోచించే పని ఉండదు. సింహాచలం చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్ళింది. రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు. హాల్లో సగంమంది అదే పని చేసేవాళ్ళు కనుక గుసగుసలు ఆగిపోయాయి. ఎవరిదో ఫోను మోగితే, “ఎ దాదా, బంద్ కరో!” అని నలుగురు ఒకేసారి కసిరారు.

దుర్గ చిప్ప అడుగు తడిమింది. మట్టి గట్టిపడి ఉంది. గోటితో గీకితే పొడి రాలింది. పిల్ల కాసేపు ఆ పొడి వంక చూసి, చటుక్కున తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. పారిపోయిందనుకున్నాం. తల్లి ఏడుపుమొహంతో లేచింది.

“కూకో” అన్నాడు సింహాచలం. “జెండా తియ్యనేదు. వస్తది.”

వచ్చింది. కుళాయి దగ్గర దోసిట్లో నీళ్ళు పట్టి, దారంతా కారుస్తూ తెచ్చింది. వేలితో మట్టి మీద తడి పెట్టింది. చిప్ప కొంచెం దిగింది. ఇంకా పెట్టింది. ఎక్కువ దిగింది. గౌను అంచుతో అద్దింది. అంతసేపూ హాల్లో అందరూ ఆ కాడ వంకే చూస్తున్నారు. కాడ ఊగి, ఊగి, సరిగ్గా నిలబడింది.

అప్పుడు దుర్గ మాకు కాదు, తక్కెడకు చెప్తున్నట్టు చెప్పింది: “నిన్న తడిగుంది. రేత్రి ఆరిపోయింది. నీళ్ళెల్లిపోయినాయి. బరువు కూడా ఆటితో ఎల్లిపోయింది.”

“నీళ్ళు ఎక్కడికి వెళ్ళాయి దుర్గా?” అని సుజాత గారు చాలా మెల్లగా అడిగారు.

పిల్ల చాలాసేపు ఆలోచించింది. ఈసారి ఎవరూ తొందరపెట్టలేదు.

“తెల్దు. ఇంకా సూడాలి.”

చప్పట్లు కొట్టారు. సుజాత గారు కళ్ళు తుడుచుకుని, “ఇంక జెండా తీసెయ్యమ్మా, అయిపోయింది కదా” అన్నారు.

“అవ్వనేదు. మళ్ళీ ఆరిపోద్ది.”

గేటు దగ్గర తల్లి మొగుణ్ణి భయం భయంగా అడిగింది: “మరి రేపు బండి?”

“పని మజ్జిలో ఉన్న మనిషిని ఎలా పంపుతానే?” అని సింహాచలం విసుక్కున్నాడు. “ఆ జెండా ఎవుల్తీస్తారు, నువ్వు తీస్తావా?”

దుర్గ ఆ జెండాను దసరా పూజ సెలవుల దాకా తియ్యలేదు. మట్టి మారుస్తూ, తడుపుతూ, చివరికి ఒకరోజు మట్టికి బదులు గులకరాయి కట్టి చూసింది. మర్నాడు కూడా కాడ వాలలేదు. అప్పుడు తీసింది. మరునాడు ఇంకో పనికి పెట్టింది. బడిలో ఇప్పుడూ తక్కువే మాట్లాడుతుంది. అడిగినదానికి తనకు తోచినప్పుడు జవాబు చెప్తుంది. పలాస మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పిల్ల మాట్లాడడం లేదని ఇన్నాళ్ళూ అందరం గోల పెట్టాం. నోరు తెరిచేదాకా ఆగినవాళ్ళు మాలో ఒక్కరూ లేరు, నేర్పేవాణ్ణని విర్రవీగిన నాతో సహా. ఇప్పుడు పిల్ల చేతిలో పని ఆగి, కళ్ళు దానిమీదే నిలిచినప్పుడు, నా చేతులు రెండూ వెనక్కి కట్టుకుంటాను. నోరు కట్టుకోవడం మాత్రం ఇంకా నేర్చుకుంటున్నాను.