నీళ్లు పోయని మధ్యాహ్నం

1968 ఆగస్టు 21, బుధవారం. పటాన్‌చెరులో మా ఇల్లు. ఉన్నవారు: అమ్మ, అక్క, బావ, మంత్రసాని, నేను. మా చర్చి ఫాదర్ లేరు.

నా డైరీలో ఆనాటి పేజీలో ఉన్నది అంతే. ఏ రోజూ ఖాళీగా వదలని అలవాటున్నా, మిగతాది రాయడానికి ఆ రోజు చెయ్యి రాలేదు. పోయిన ఆదివారం పూజలో మా కొత్త ఫాదర్, ఇంకా కుర్రవాడే, జ్ఞానస్నానం లేకుండా పోయిన పసిబిడ్డలను కూడా దేవుని దయకు అప్పగించి నిబ్బరంగా ఉండవచ్చని ఒక్క మాటలో చెప్పి, వెంటనే గుడి పైకప్పు మరమ్మతు సంగతిలోకి వెళ్లిపోయారు. నేను ఇంటికి వచ్చి ఈ పేజీ తీశాను.

మా కాలంలో ఇలా చెప్పేవారు కాదని నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. జ్ఞానస్నానం పొందని బిడ్డ నరకానికి పోదు కాని మోక్షానికీ పోదని, కన్నవాళ్లను ఇక ఎన్నటికీ చూడలేని ఒక చోట ఉండిపోతుందని మాకు నేర్పారు. అలాంటి బిడ్డను ప్రార్థన లేకుండా మా బొందలగడ్డ కంచెకు అవతల పూడ్చేవారు. ఆ రోజుల్లో నేను ఫ్యాక్టరీలో గుమాస్తాను, ఆదివారాలు పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పేవాణ్ణి. ఫాదర్ అందనప్పుడు, ప్రాణం పోతున్న బిడ్డ తలపై ఎవరైనా నీళ్లు పోసి పిత, పుత్ర, పవిత్రాత్మ నామాన జ్ఞానస్నానం ఇవ్వవచ్చని కూడా నేనే చెప్పేవాణ్ణి.

అక్కకు పెళ్లయిన ఏడేళ్లకు, నెలలు నిండకుండా, ఆ పొద్దున ఆడపిల్ల పుట్టింది. మధ్యాహ్నానికే ఊపిరి అందడం కష్టమైంది. సంగారెడ్డిలో ఉన్న ఫాదర్‌కు బావ కబురు పంపాడు కాని, వాన వల్ల బస్సులు నిలిచిపోయాయి. నేను చెంబుతో నీళ్లు తెచ్చాను. అక్క బిడ్డను ఎదకు తిప్పుకొని నాకు వీపు చూపించింది.

“వద్దు తమ్మీ. నువ్వు నీళ్లు పోస్తే నా బిడ్డ పోతదని ఒప్పుకున్నట్టే. దేవుడు అన్నీ చెయ్యగలడని చెప్పిందెవరు, నువ్వు కాదా? ఇగ చెయ్యనియ్యి.”

మంత్రసాని మా మతం మనిషి కాదు. అయినా ఆమే నన్ను గదిమింది. “గంత మందికి సదువు చెప్పే సారువి, చెంబు వట్టుకొని బొమ్మ లెక్క నిలవడ్డవేంది? పోసేదుంటే జల్దీ పొయ్యి!”

నేను పోయలేదు. అక్క వద్దన్నందుకే అని ఇన్నేళ్లు నాకు నేను చెప్పుకున్నాను కాని అది నిజం కాదు. సర్వశక్తిగల సర్వేశ్వరుడు ఆ పిడికెడు బిడ్డను బతికిస్తాడని నేను నమ్మాను, నీళ్లు పోయడం ఆయనను అనుమానించడమే అనిపించింది. చెంబు వంటింట్లో పెట్టి వచ్చేసరికి అమ్మ ఏడుపు వినిపించింది.

తర్వాత ఎన్నో పుస్తకాలు చదివాను. దేవుడు చెడును కలిగించడని, జరగనిస్తాడని, దానిలోంచి కూడా మేలు తీస్తాడని వాటిలో ఉంది. ఆ మేలు ఏదో ఈనాటికీ నాకు కనబడలేదు. ఇప్పుడు ఆ కంచె లేదు. ఆ జాగాలో ఒక గోదాము లేచింది, ఎంతవరకు లోపలో ఎక్కడి నుంచి బయటో చూపించగల మనిషిని నేనొక్కణ్ణే మిగిలాను. కుర్ర ఫాదర్ అంత తేలిగ్గా అన్న ఆ మాట ఆనాడు ఎవరైనా అని ఉంటే వినడానికి అక్క ఉండేది.

బిడ్డ పోయిన మరునాడు పొద్దున వాన వెలిసింది. ఫాదర్ మోకాళ్ల దాకా బురదతో వచ్చారు. సంగతి విన్నారు. బావ కంచె అవతల గుంట తవ్వాడు. ఫాదర్ ప్రార్థన పుస్తకం తెరవకుండా, మెడలోని పూజ పట్టీ తీసి మడిచి జేబులో పెట్టుకొని, మాతోపాటు బయటే నిలబడ్డారు. బాలింత రావద్దని అమ్మ ఎంత వారించినా అక్క వచ్చింది. కంచెకు కట్టిన తుమ్మకంప వైపు చూస్తూ అడిగింది.

“అన్నీ చెయ్యగలిగినోడు గద ఫాదర్, గీ కంప దాటలేడా?”

ఫాదర్ నా వైపు చూశారు. నేను వంగి, రెండు చేతులతో మట్టిని గుంటలోకి తోశాను.