తిథి ప్రకారం రాక్ చరిత్ర

ఆ రోజుల్లో రేడియోలో మాట్లాడేవాళ్లకు గొంతు తప్ప ముఖం ఉండేది కాదు. మైదుకూరు బస్సులో నా పక్కనే కూర్చుని, నిన్న రేడియోలో నేనేం చెప్పానో నాకే పూసగుచ్చినట్టు చెప్పినవాళ్లున్నారు. ‘‘అట్నా!’’ అని ఆశ్చర్యపోతూ వినేదాన్ని. ఇప్పటి పిల్లలు ఒక మాట చెప్పాలంటే ముందు ముఖం చూపించాలి, పాపం. నాకు ఇరవై రెండేళ్లప్పుడు కడపలో ఒక చిన్న ఎఫ్‌ఎం రేడియోలో తాత్కాలిక అనౌన్సరుగా చేరాను. ఇంటర్వ్యూలో ‘‘ఇంగ్లీషు పాటలు తెలుసునా?’’ అని అడిగితే, ‘‘రాక్ సంగీతమంటే ప్రాణం సార్’’ అనేశాను. (అప్పటికి రాక్ సంగీతం గురించి నాకు తెలిసిందల్లా కాలేజీ వార్షికోత్సవంలో జుట్టు పెంచుకున్న మా సీనియరు ఒకడు గిటారు పట్టుకుని ఫొటో దిగడం. వాయించగా నేను చూడలేదు.) నోటి దూలకు ఫలితం వెంటనే దక్కింది. రోజూ సాయంత్రం నాలుగింటికి ‘రాక్ సంగీత చరిత్రలో ఈ రోజు’ అనే ఐదు నిమిషాల కార్యక్రమం నా నెత్తిన పడింది.

మా కార్యక్రమాల అధికారిని మేమంతా చాటుగా నిశ్శబ్దం సార్ అనేవాళ్లం. స్టూడియో బయట ఎవరైనా గట్టిగా తుమ్మినా వేలెత్తి ‘‘నిశ్శబ్దం!’’ అనేవారాయన. ఆయనకు ఒకే ఒక్క నియమం ఉండేది. ఏ సంగతైనా ఇద్దరు చెబితేనే గాలిలోకి పోవాలి. అందుకని నేను ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని, ఫలానా రోజు ఫలానా గాయకుడు పుట్టాడని ఒకచోట చూసి, నిజంగానే పుట్టాడా అని రెండోచోట వెతికేదాన్ని. నాలుగు నెలలకు నాకు అర్థమైందేమంటే, రాక్ సంగీతంలో ఏ రోజు చూసినా ఎవరో ఒకరు పుడతారు, ఎవరో ఒకరు పోతారు, ఒక బృందం విడిపోతుంది, ఇంకో బృందం మొట్టమొదట ఏదో చేస్తుంది. ఒకరోజు ఒకాయన వేదిక మీదే తన గిటారును నేలకేసి కొట్టాడని రేడియోలో చదివాను. ఇంటికి పోయేసరికి మా అమ్మ వాకిట్లోనే నిలబెట్టింది. ‘‘బాగుండే గిటారును పగలగొట్టినాడా? అంతమంది చూస్తాండారు గదా, ఒక్కరూ చెయ్యి పట్టుకోల్యా?’’ అని నన్నే నిలదీసింది.

మా అమ్మ తప్ప ఆ కార్యక్రమాన్ని ఎవరూ వినడం లేదన్న సంగతి త్వరలోనే బయటపడింది. పాత సినిమా పాటల కార్యక్రమానికి ఉత్తరాలు గోనెసంచిలో వచ్చేవి. నాకు ఒక్కటీ రాలేదు. నిశ్శబ్దం సార్ పిలిచి, ‘‘చూడమ్మా, ఈ శనివారం దాకా చూస్తా. సోమవారం నుంచి ఆ ఐదు నిమిషాలు ఎర్రగడ్డల ధరలకిస్తా’’ అన్నారు. ఉల్లిపాయలతో నాకు పోటీ అన్నమాట. కార్యక్రమం పోతే నేనూ పోయినట్టే. మైదుకూరులో మా పెద్దమ్మ నడిపే కాన్వెంటులో చిన్నపిల్లలకు అఆలు దిద్దించే కుర్చీ ఒకటి నా కోసం ఖాళీగా కాచుకుని ఉంది. (ఆ కుర్చీలో నెల దాటి నిలిచిన టీచరు లేదు.) రేడియో గది తలుపు మూసుకుని ఎర్రబల్బు వెలగగానే నేనెవరో పెద్దదాన్నన్నట్టుండేది నాకు. ఆ బల్బును వదులుకోవాలంటే ఏడుపొచ్చింది. బాత్‌రూములోకి పోయి ఏడ్చాను కూడా, నిశ్శబ్దంగానే.

మంగళవారం ఒక ఇన్లాండు లెటరొచ్చింది. కోయిలకుంట్లలో మైకుసెట్లు అద్దెకిచ్చే ఆయన రాశాడు. ‘‘మేడం గారికి నమస్కారాలు. మీరు దినామూ ఆ దేశాల్లో ఈ దినం ఎవురో ఏందో మొట్టమొదట చేసినారని చెప్తాండారు. మా కోయిలకుంట్లలో మొట్టమొదట కరెంటు గిటారు వాయించింది నేనే. వచ్చే శుక్రవారానికి సరిగ్గా పన్నెండేండ్లు. ఇది మీ చరిత్రకు వస్తాదా రాదా తెలుపగలరు.’’ నేను ఆ ఉత్తరాన్ని లాటరీ తగిలినట్టు పట్టుకుని పరుగెత్తాను. సార్ రెండుసార్లు చదివి, ‘‘ఒక్కడే చెప్తాండాడే’’ అన్నారు. ‘‘రెండోవాళ్లను పట్టుకో. నిజమని తేలితే శుక్రవారం చదువు. అప్పుడీ ఉత్తరాన్ని ఉత్తరమంటా, ఎర్రగడ్డలను ఆపుతా.’’

బుధవారం పొద్దున్నే బస్సెక్కాను. కోయిలకుంట్లలో మైకుసెట్టాయన అంగడిలో హారన్ల మధ్య కూర్చుని ఒక మైకుకు తీగలు అతికిస్తున్నాడు. నేనెవరో చెప్పగానే నా ముఖం వైపు కాక నోటి వైపు చూశాడు. ‘‘రేడియోలో ఇంకొంచెం లావుగా ఉంటావనుకొన్న్యా పాపా’’ అన్నాడు. కర్నూలులో ఒక పాత ఆర్కెస్ట్రా వాళ్లు వదిలేసుకున్న గిటారును తెచ్చుకుని, ఒక పెండ్లిలో దాన్ని తన మైకుసెట్టుకే తగిలించి, నాలుగు హారన్లలోంచి వాయించాడట. ‘‘ఏం వాయించినావన్నా?’’ అన్నాను పెన్ను తీసి. ‘‘ఏం వాయించినానో నాకే తెల్దు. చేతికొచ్చింది వాయించినా. ఆపమని శానామంది చెప్పినారంట, నాకు ఇనపడల్యా.’’ నాలుగు నెలలుగా నేను చదువుతున్న చరిత్రంతా ఇదే కదా అనిపించింది. రాక్ సంగీతమేనని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను.

రెండో సాక్షి ఆ పెండ్లికూతురే. రెండు వీధుల అవతల అరుగు మీద శెనక్కాయలు ఒలుస్తోంది. గిటారు మాట ఎత్తగానే చేట పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. ‘‘ఆ మోత లేకుంటే మా పెండ్లి అభాసైపోయేది చెల్లే’’ అంది. తాళి కట్టడం అయ్యాక మధ్యాహ్నం భోజనాల దగ్గర పెండ్లికొడుకు పెదనాయనకు మొదటి బంతిలో చోటు దొరకలేదట. ఆయన మీసం దువ్వి, పందిట్లో నడిమధ్యన నిలబడి, మగపెండ్లివాళ్లందరినీ లేవమన్నాడట. వాళ్లు విస్తళ్ల ముందు నుంచి లేచిపోయి ఉంటే ఆ మాట రెండు ఊళ్లలో ఇప్పటికీ చెప్పుకునేవాళ్లు. ‘‘ఆయప్ప మూడుసార్లు అరిసినాడు. ‘లెయ్యండి, పోదాం’ అని. ఈ గిటారాయప్ప అప్పుడే మొదలుపెట్టినాడు చూడు, ఒక్కరికీ ఇనపడల్యా. నోరు ఆడుతాండాది, మాట రాల్యా. అందరూ తింటానే ఉండారు. యా పక్క చూసినా ఎవురూ లెయ్యకపాయ. ఇంగేం చేస్తాడు, ఖాళీ విస్తరి కనపడితే కూకోని మూడు ఓళిగలు తిన్న్యాడు. తిన్న్యాక కోపం యాడుంటాది?’’ (ఓళిగలంటే మా వైపు బొబ్బట్లు.)

నాకు ఆమెను కౌగిలించుకోవాలనిపించింది. గిటారు నేలకేసి కొట్టినవాళ్లను ఎంతమందినో చదివాను గానీ, గిటారుతో ఒక పెండ్లిని నిలబెట్టినవాడు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఆమె సంతోషంగా లోపలికి పోయి పెండ్లిపత్రిక తెచ్చి నా చేతిలో పెట్టింది. పసుపు రాసిన ఆ కాగితం మీద తేదీని రెండుసార్లు చదివాను. అది రాబోయే శుక్రవారం కాదు. శుక్రవారం తర్వాత ఇంకా పన్నెండు రోజులకు వస్తుంది.

మళ్లీ మైకుసెట్టు అంగడికి పరుగెత్తాను. ఆయన ఏమాత్రం చలించలేదు. ‘‘తేదీ ఎవురికి గుర్తుంటాది పాపా? మాఘ బహుళ పంచమి. మర్సటి దినం మా నాయన తద్దినం. పెండ్లిలో వాయించొచ్చి పొద్దున్నే తద్దినం పెట్టినా. ఎట్ల మర్సిపోతా? క్యాలెండరు చూడు, శుక్రవారమే పంచమి.’’ చూశాను. శుక్రవారమే పంచమి. ప్రపంచమంతా తేదీల ప్రకారం నడుపుతున్న చరిత్రను ఈయన ఒక్కడే పంచాంగం ప్రకారం నడుపుతున్నాడు. పన్నెండు రోజులు ఆగుదామంటే శనివారమే నా గడువు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, సార్‌కు పెండ్లికూతురి సాక్ష్యం చెప్పి, ఆ పెండ్లిపత్రిక సంగతి మాత్రం చెప్పకూడదని మైదుకూరు వచ్చేలోపు నిశ్చయించుకున్నాను. (నన్ను చూసుకుని తర్వాత పంపమని ఆమె ఇచ్చింది. అది నా సంచిలో అడుగున, ముగ్గురు గాయకుల మరణవార్తల కింద ఉంది.)

శుక్రవారం నాలుగయింది. ఎర్రబల్బు వెలిగింది. అద్దం అవతల నిశ్శబ్దం సార్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ‘‘రాక్ సంగీత చరిత్రలో...’’ అన్నాను. ఆ తర్వాత ‘ఈ రోజు’ అనాలి. నాలుగు నెలలుగా అంటున్న మాటే. నోరు రాలేదు. ముక్కూముఖం తెలియని గాయకుల పుట్టినరోజులు రెండుచోట్ల సరిచూసినదాన్ని, నాకు మంచినీళ్లిచ్చి పత్రిక చేతిలో పెట్టిన అక్క పెండ్లిరోజును తప్పు చెప్పబోతున్నాను. రేడియోలో రెండు క్షణాల మౌనమంటే ఎంతసేపో ఆ గదిలో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. చివరికి నా నోట్లోంచి వచ్చిన మాట నాకే కొత్తగా వినిపించింది. ‘‘రాక్ సంగీత చరిత్రలో, తిథి ప్రకారం, ఈ రోజు.’’ ఇక ఆగలేదు. కోయిలకుంట్ల, నాలుగు హారన్లు, మొదటి బంతి, మూడు కేకలు, మూడు ఓళిగలు అన్నీ చెప్పేశాను. పాట వేయడం మరచిపోయాను.

బయటికి వచ్చేసరికి సార్ తలుపు దగ్గరే ఉన్నారు. ‘‘తిథి ప్రకారమా?’’ అన్నారు. ‘‘తేదీ ప్రకారం ఇంకా పన్నెండు దినాలుండాది సార్’’ అని పత్రిక తీసి చేతిలో పెట్టాను. కాన్వెంటు కుర్చీ కళ్ల ముందు కనిపించింది. ఆయన పత్రికను వెనకా ముందూ తిప్పి చూసి, ‘‘నా పుట్టినరోజు కూడా మా అమ్మ తిథి ప్రకారమే చేస్తాదిలే’’ అన్నారు. తర్వాత కొంచెం ఆలోచించి, ‘‘పన్నెండు దినాలైనాక తేదీ ప్రకారం ఇంగోసారి చదువు. పాట మాత్రం మర్సిపోవద్దు’’ అన్నారు. ఆ పై వారం ఉత్తరాలు మొదలయ్యాయి. తమ ఊళ్లో మొట్టమొదట శాక్సఫోను ఊదినదెవరో, మొట్టమొదటి గ్రామఫోను ఏ ఎద్దులబండిలో వచ్చిందో, అన్నీ తిథులతో సహా రాసేవాళ్లు. ఇద్దరేసి సాక్షుల సంతకాలు కూడా పెట్టించేవాళ్లు. వాటిలో రాక్ ఎంతో నేను ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఏడాది పైనే నడిచింది ఆ కార్యక్రమం. చివరికి ఎర్రగడ్డలే గెలిచాయి. నేను ఎన్ని తిప్పలు పడినా మా పెద్దమ్మ కుర్చీ నన్ను వదల్లేదు. ఇప్పుడు ఆ కాన్వెంటును నేనే నడుపుతున్నాను. నిజం చెప్పాలంటే ఆ కుర్చీ నేను భయపడినంత చెడ్డదేమీ కాదు. పొద్దున్నే ప్రార్థన దగ్గర మైకు ముందు నిలబడి, ఎర్రబల్బు వెలిగినట్టు ఊహించుకుంటాను. మూడువందల మంది పిల్లలు వింటారు. (వినక వాళ్లకు వేరే దారి లేదు.)

నా ఫోన్లో ఇప్పుడు రోజూ పొద్దున్నే రాక్ చరిత్రలో ఆ రోజు ఏం జరిగిందో దానంతటదే వస్తుంది. రెండోచోట చూసే పని లేదు. కోయిలకుంట్ల మాత్రం అందులో ఎప్పుడూ రాదు. అందుకని దాని కోసం పంచాంగం చూసుకుంటాను. ఈ ఏడు కూడా మాఘ బహుళ పంచమి నాడు మధ్యాహ్నం మైకుసెట్టన్నకు ఫోను చేశాను. ఆయన మనవరాలు ఎత్తింది. ‘‘తాత గిటారు వాయిస్తాండాడు, నువ్వెవురు?’’ అని అరిచింది. వెనకాల నాలుగు హారన్లు మోగుతున్నట్టే ఉంది. ‘‘శుభాకాంక్షలు చెప్పమ్మా’’ అన్నాను. ‘‘ఆఁ? ఇనపడల్యా!’’ అంది. మళ్లీ చెప్పాను. మూడోసారి మా వీధంతా వినపడేట్టు చెప్పాను. ఆ పిల్లకు వినపడనే లేదు. ఇక ఏం చేస్తాను? ఫోను పెట్టేసి, కంచం ముందు కూర్చుని మూడు ఓళిగలు తిన్నాను.