సముద్రానికి నేను వినిపించిన చేపల పాట

నలుగురు మనుషుల రోజు కష్టాన్ని ఒక్క పూటలో నీళ్లపాలు చేసిన ఘనుణ్ణి నేను. తుఫానైనా ముందు హెచ్చరించి వస్తుంది, నేను అదీ చేయలేదు. మీరు మొహమాటపడకుండా నవ్వండి.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. శబ్ద కళాకారుణ్ణి. అంటే ఏమిటని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. అలలు, గాలి, పీతల నడక రికార్డు చేసి, కలిపి జనానికి వినిపించడం నా పని. అందుకోసం విడవలూరు వైపు తీరంలో పోలయ్యన్న చేపల పడవ ఎక్కాను. ఆయన తెడ్డును నీళ్లలోకి దించి, పిడికి చెవి ఆనిస్తాడు. అడుగున గొరక చేపల గుంపు ఉంటే వాటి టకటక కర్ర వెంట పైకి వినిపిస్తుంది. వెంటనే మిగతా ముగ్గురితో కలిసి వల వేస్తాడు. నేను పడవెక్కిన మొదటి రోజే ఆ టకటకను నీటి మైకుతో పట్టేశాను. చేపలు మాత్రం వలకు చిక్కకుండా జారుకున్నాయి. వాళ్లకది వరసగా మూడో రోజు ఉత్త వల. మర్నాడు, నాలుగో రోజూ అంతే అయితే నాలుగు ఇళ్లలో పొయ్యి వెలగడం కష్టమే.

ఆ నాలుగో రోజు పొద్దున నా బుర్రలో ఒక మహత్తరమైన ఆలోచన పుట్టింది. సముద్రం పాటను సముద్రానికే వినిపిస్తే? అది జవాబిస్తే? పడవ వెనక కూర్చుని, నీళ్లలో పనిచేసే స్పీకరును ఒక పక్క, మైకును ఇంకో పక్క గుట్టుగా దించాను. కళ ఒకరిని అడిగి చేసేది కాదు కదా! నిన్నటి రికార్డు పెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, కళ్లు మూసుకున్నాను.

ముందువైపు తెడ్డుకు చెవి పెట్టిన పోలయ్యన్న ఎగిరి గంతేశాడు.

"రేయ్, గొరకలు! మన కిందనే ఉండాయి!" అని అరిచి, నా దగ్గరకొచ్చి భుజం తట్టాడు. "సారూ, నీ మిషన్లో ఏం ఇనపడతా ఉండాది?"

"వేలకు వేలన్నా!" అన్నాను. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. సముద్రం నాకు జవాబిచ్చింది మరి!

వల వేశారు. చెమటలు కక్కుతూ లాగారు. రెండు పీతలు పడ్డాయి.

"ఇంకా ఉండాయా సారూ?"

"ఇంకా దగ్గరికొచ్చాయన్నా!"

మళ్లీ వేశారు. ఈసారి ఒకటే పీత.

మూడోసారి వల ఎందుకో గట్టిగా బిగుసుకుంది. "పెద్దదేరా, లాగండి!" అన్నాడు పోలయ్యన్న. నా పక్కనున్న వైరు సర్రున జారిపోయింది. పైకొచ్చిన వలలో నా స్పీకరు, టకటకమంటూ.

పోలయ్యన్న దాన్ని తీసి అటూ ఇటూ తిప్పాడు.

"ఇదేందప్పా?"

"నిన్నటి చేపలన్నా," అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

తిడతాడనుకున్నాను. చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నాడు.

"అచ్చం అట్నే ఉండాది. బాగా పట్టినావు సారూ," అన్నాడు. "ఒడ్డున మా ఆడోళ్లు తట్టలు పెట్టుకోని కూర్చోనుండారు. నువ్వే దిగి ఆళ్లకు ఇనిపించు."

వినిపించాను. బదులుగా వాళ్లు నాకు వినిపించింది ఇక్కడ రాయలేను. జీవితంలో నేను రికార్డు చేయని చప్పుడు అదొక్కటే.

కాబట్టి పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట సముద్రం మాట్లాడుతుంటే నేను నోరు మూసుకుంటాను. స్పీకరు నోరు కూడా నేనే మూస్తాను.