కమాండో చేతికి మైకిచ్చిన సవరమ్మ

సవరమ్మకు కోపం వస్తే అరవదు. అరిచేవాళ్ల కోపం అన్నం ఉడికేలోపు చల్లారిపోతుంది, సవరమ్మది ఆ రకం కాదు. విస్సన్నపేటకి కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊళ్లో, మామిడి కాయలు గ్రేడింగ్ చేసే ఆడవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. ఆమె మాట్లాడటం మానేసి కాయలు మాత్రమే చూస్తూ కూర్చుందంటే ఎవరికో మూడిందని లెక్క. తెలియక చెడినవాడు ఒక్కడే, కమాండో ఆరోగ్యం.

ముందు ఆవిడ మొగుడి సంగతి చెప్పాలి. చిన్నరాయప్పకి మామిడి పడదు. నూజివీడు మామిడి తోటల మధ్య పుట్టినవాడికి మామిడి పడకపోవడం ఏంటని నవ్వకండి, ఊరంతా నవ్వేసింది. సొన చుక్క తగిలితే మొహం వాచి కళ్లు మూసుకుపోయేవి. పండు నోట్లో పెడితే పెదాలు బొబ్బలెక్కేవి. తోటివాళ్లంతా కాయ కోతకి వెళ్తే వాణ్ణి చింతచెట్లు దులపడానికి పంపేవాళ్లు. అలా ‘చింతకాయ రాయప్ప’ అని పేరు పడింది. మామిడి తప్ప మరో పని దొరకని ఊళ్లో మామిడి పడనివాడు ఏం చేసి బతుకుతాడు? మిలిటరీలో చేరాడు. లారీ డ్రైవరయ్యాడు. మంచుకొండల మీదికి బియ్యం, కిరోసిన్ మోసేవాడు.

పెళ్లయ్యాక కూడా సెలవంటే క్రిస్మస్‌కే వచ్చేవాడు, ఎండాకాలంలో ఊరి పొలిమేర తొక్కేవాడు కాదు. ఆ రోజుల్లో ఊళ్లో గాలి కూడా సొన వాసనే. కూతురు రోజీకి మాత్రం కారణం చెప్పొద్దని భార్య దగ్గర ఒట్టు వేయించుకున్నాడు. “మామిడికాయకి భయపడే మిలిటరీవాడా అని నా కూతురు నవ్వుద్దే” అనేవాడు. రోజీ చిన్నది. బడి సెలవులకి అందరి నాన్నలూ ఇంట్లో ఉంటే తన నాన్న ఎందుకు రాడని ప్రతి ఏడూ అలిగేది. ఆ అలక తీరకముందే అతను పెట్టెలో వచ్చాడు.

శవంతో వచ్చిన జవాన్లలో ఒక తెలుగబ్బాయి జరిగింది చెప్పాడు. ముందు కొండ చరియ జారుతుంటే రాయప్ప లారీ ఆపాడు. దిగి, వెనక వస్తున్న లారీలను ఆపడానికి చేతులూపుతూ పరిగెత్తాడు. వెనకాల లారీలన్నీ ఆగాయి. చరియ అతని మీద పడింది. ఈ మాటలు ఊళ్లో పెద్దవాళ్లు విన్నారు, ఏడ్చారు, తర్వాత ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. చర్చి పక్క హాల్లో రాయప్ప ఫొటో ఒకటి పెట్టారు. చింతకాయ అన్న పాత పేరు ఇక ఎవరూ ఎత్తలేదు. సవరమ్మ మళ్లీ కాయల దగ్గర కూర్చుంది.

ఇన్నేళ్ల తర్వాత దిగాడు ఆరోగ్యం. తోటలు గుత్తకి తీసుకున్న వ్యాపారి అతన్ని కాపలా వాళ్ల మీద అజమాయిషీకి తెచ్చి పెట్టాడు. గుంటూరు వైపు మనిషి. మెరూన్ రంగు టోపీ, చొక్కా నిండా మెడల్స్, జబ్బ మీద మచ్చ. పారా కమాండోనని చెప్పుకున్నాడు. హెలికాప్టర్ నుంచి తాడు పట్టుకుని దిగానన్నాడు, పాము మాంసం తిన్నానన్నాడు. ఏ ఊళ్లో, ఎప్పుడు అని అడిగితే మాత్రం “సీక్రెట్, చెప్పకూడదు” అనేవాడు. మన జనానికి చెప్పకూడదన్న మాట మీద ఉన్న నమ్మకం చెప్పిన మాట మీద ఉండదు. పొద్దున్నే కోతకొచ్చిన కూలీలని వరసలో నిలబెట్టి “అటెన్షన్” అనేవాడు. వంగి నడిచే ముసలాళ్లని కూడా నిలబెట్టేవాడు. నిలబడ్డారు పాపం, కమాండో కదా.

పంద్రాగస్టుకి జెండా ఎగరేయమని ఆయన్నే పిలిచారు. అంతకుముందు ఏడు వరకూ ఆ తాడు సవరమ్మ చేతికిచ్చేవాళ్లు. ఈసారి ఆమె వెనక వరసలో నిలబడింది. పోనీలే అనుకుంది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

కానీ పక్కన ఇంకో మిలిటరీవాడి ఫొటో ఉంటే అబద్ధాలకోరుకి నిద్ర పట్టదు. హాల్లో రాయప్ప ఫొటో చూసి ఆరోగ్యం నిట్టూర్చాడట. “అదంతా నాకు తెలుసు. నేనక్కడే ఉన్నా. తాగి స్టీరింగ్ మీద నిద్రపోయాడు. లారీ లోయలో పడింది. మా కమాండోలు ఇద్దరు పోయారు. చచ్చినోడి గురించి చెప్పకూడదు గానీ...” అన్నాడట. చెప్పకూడదంటూనే ఊరంతా చెప్పాడు. ఆ మాట టీ కొట్టుకి, అక్కడి నుంచి హనుమాన్ జంక్షన్ వెళ్లే బస్సుకి, బస్సులో నుంచి రోజీ చదివే కాలేజీకి చేరింది.

ఆ సాయంత్రం రోజీ పుస్తకాల సంచి దించకుండానే అడిగింది. “నాన్న తాగి నడిపాడా అమ్మా?”

“ఎవరన్నారు?”

“అందరూ అంటున్నారు. కమాండో సారు పక్కనే ఉన్నాడంట. నువ్వు నాకు వేరేలా చెప్పావు. ఏది నిజం?”

సవరమ్మ చెప్పింది. కానీ తల్లి మాట తల్లి మాటే, టోపీ మాట టోపీ మాటే. రోజీ గోడ మీది నాన్న ఫొటో తీసి, బీరువాలో బట్టల కింద పెట్టింది. సవరమ్మ ఆ ఖాళీ మేకు వంక చూసింది. ఆ మేకు కమాండో గుండెల్లో దిగాలి అనుకుంది. అంత పచ్చిగానే అనుకుంది, ఇందులో దాచడానికేం లేదు.

బాపులపాడులో నారాయణరావు అనే రిటైర్డ్ సుబేదారున్నాడు. సవరమ్మ వెళ్లి ఆయన అరుగు మీద కూర్చుంది.

“వాడు దొంగ అని నాకెప్పుడో తెలుసు చెల్లెమ్మా” అన్నాడాయన. “జంక్షన్లో అందరి ముందూ అడిగాను, ఏ రెజిమెంటు, ట్రైనింగ్ ఎక్కడని. సీక్రెట్ అన్నాడు. ట్రైనింగ్ సెంటర్ పేరు సీక్రెట్ ఏంటి, నా బొంద! ఆ టోపీ కోసం కుర్రాళ్లు ప్రాణం మీదకి తెచ్చుకుంటారు. వీడు అంగట్లో కొనుక్కున్నాడు. అదే అంటే, మీ ఊరోళ్లు నాకే కుళ్లన్నారు.”

“మరెలాగండీ?”

“నువ్వు అడక్కు. అడిగితే దాక్కుంటాడు. వాణ్ణే మాట్లాడనీ. ఇలాంటోళ్లకి పొగడ్త పడిందంటే నోరు ఆగదు. వాడికి మైకు ఇప్పించు, చాలు.”

సవరమ్మ తిరిగొచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు చూస్తే ఆరోగ్యం ఆ రోజే మూటా ముల్లే సర్దుకునేవాడు.

సమాధుల పండగ దగ్గరపడింది. ఆ రోజు ఊళ్లో క్యాతలిక్కులంతా సమాధులకి సున్నాలు వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఫాదర్ గారు ఒక్కో సమాధి మీదా తీర్థం చల్లుతారు. చనిపోయినవాళ్ల గురించి కావలసినవాళ్లు నాలుగు మంచి మాటలు మైకులో చెప్పడం ఆ ఊరి ఆనవాయితీ. సవరమ్మ తోటకి వెళ్లి, ఆరోగ్యం ఒక్కడే ఉన్న సమయం చూసి చేతులు కట్టుకుని నిలబడింది.

“సారండీ, మా ఆయన తప్పు చేశాడు. ఒప్పుకుంటున్నాను. కానీ చివర్లో పక్కనున్నది మీరే కదా. సమాధి దగ్గర మీరే రెండు మాటలు చెప్తే ఆయన ఆత్మకి శాంతి.”

ఆరోగ్యం టోపీ సర్దుకున్నాడు. “తప్పకుండా అమ్మా.”

“ఇంకోటండీ” సవరమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. “ఏటా రసాలు బుట్టలో పెట్టి పంపేదాన్ని, ప్రాణం ఆయనకి. ఆ ఏడు పంపిన బుట్ట అందిందో లేదో అనే నా దిగులు. తిని పోయాడో, తినకుండా పోయాడో!”

కమాండో ఆమె వంక జాలిగా చూశాడు. “ఇప్పుడు కాదమ్మా. అందరి ముందూ చెప్తాను.”

పండగ రోజు సాయంత్రం సమాధుల తోట కిటకిటలాడింది. నారాయణరావు గారు కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. రోజీ రానంటే సవరమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. రాయప్ప సమాధి దగ్గర ఆరోగ్యం ముందు సెల్యూట్ కొట్టాడు. తర్వాత మైకు తీసుకున్నాడు.

“చిన్నరాయప్ప తప్పు చేశాడు నిజమే. ఆ రోజు తాగాడు. కానీ మంచోడు. ఊరి మీద ప్రాణం. లోయలో నుంచి ఈ చేతుల్తో పైకి తెచ్చాను. ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. అప్పుడేమడిగాడో తెలుసా? మా ఆవిడ పంపిన రసం పండు ఒక్కటివ్వన్నా అన్నాడు. జేబులోంచి తీసి, పిండి, నోట్లో పోశాను. చప్పరిస్తూ, నవ్వుతూ పోయాడు. ఆ రసం పెదాల మీద అలాగే ఉంది...”

గొంతు వణికించి ఆపాడు. ఏడుపులు వినపడతాయనుకున్నాడు. కొవ్వొత్తులు పట్టుకున్న పెద్దవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ముందు నవ్వింది రాయప్ప తల్లి, ముసలి ఇన్నాసమ్మ. పళ్లులేని నోటితో పడీపడీ నవ్వింది. “ఎవడికిరా పోశావు రసం? మా చింతకాయ రాయప్పకా? నా కొడుకు మామిడి చెట్టు నీడన కూడా కూర్చునేవాడు కాదు. పండు నోట్లో పెట్టుంటే ఆ లారీ అక్కర్లేదు, నువ్వే చంపినట్టు!”

అంతే, ఊరికి జ్ఞాపకం వచ్చింది. చిన్నప్పుడు వాచిపోయిన మొహం ఒకరు గుర్తు చేసుకున్నారు, చింతచెట్టు దులిపిన రోజులు ఇంకొకరు. మొదట నవ్వులు లేచాయి. ఆ నవ్వులు కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు. అటెన్షన్‌లో నిలబడిన ముసలాళ్లంతా అక్కడే ఉన్నారు మరి.

నారాయణరావు గారు ముందుకొచ్చాడు. “ఇప్పుడు చెప్పు. ఏ ట్రైనింగ్ సెంటర్? ఇదొక్కటే అడుగుతున్నాను.”

ఆరోగ్యం మైకు కింద పెట్టబోయాడు. సవరమ్మ దాన్ని మళ్లీ అతని చేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

“సార్, వెళ్లకండి. ఇదే మైకులో చెప్పి వెళ్లండి. మీరు ఎవరు?”

“సె... సెక్యూరిటీ. హైదరాబాద్‌లో. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర.”

“వెనకోళ్లకి వినపడలా.”

“సెక్యూరిటీ గార్డునమ్మా!”

“గేటు కాపలా చేసుకుంటే ఎవరు కాదన్నారు? మర్యాదగా బతికే పనే కదా. మా ఆయన ఎలా చచ్చిపోయాడు?”

“నాకు తెలియదు. నేను చూళ్లేదు.”

“తాగాడా?”

“తెలియదమ్మా. నేనే కట్టుకథ అల్లాను.”

“మళ్లీ చెప్పండి. మా అమ్మాయి అటు చూస్తోంది, ఇటు తిరిగాక చెప్పండి.”

మళ్లీ చెప్పాడు. మూడోసారి కూడా చెప్పించింది, అవసరం లేకపోయినా. ఆ మూడోసారి తన కోసమే చెప్పించుకుంది. ఫాదర్ గారు దగ్గరికొచ్చి “చాలమ్మా, క్షమించు” అన్నారు.

“క్షమించడం దేవుడి పని ఫాదర్ గారూ. ఆయన పని నేను చెయ్యను” అంది సవరమ్మ.

మెరూన్ టోపీని నారాయణరావు గారు తీసుకున్నాడు. దుమ్ము దులిపి, మడిచి, చొక్కా లోపల దాచుకున్నాడు. దాన్ని నిజంగా సంపాదించుకున్నవాళ్లంటే ఆయనకి అంత గౌరవం. మెడల్స్ కుట్టిన చొక్కా మాత్రం సవరమ్మ అడిగి తీసుకుంది. తర్వాతి ఎండాకాలం కోతుల కోసం తోటలో నిలబెట్టిన దిష్టిబొమ్మకి అదే తొడిగారు. కోతులు దాన్ని కూడా లెక్కచేయలేదు. కూలీలు మాత్రం పొద్దున్నే దాని ముందు నిలబడి “అటెన్షన్” అని ఒకళ్లనొకళ్లు నవ్వించుకునేవాళ్లు. ఆరోగ్యం పండగ సాయంత్రమే బనీను మీద జంక్షన్ బస్సెక్కాడు. సవరమ్మ బస్‌స్టాప్ దాకా వెళ్లి, అది కదిలేదాకా కిటికీలోకి చూస్తూ నిలబడింది. అతను తల ఎత్తలేదు. ఆమెకి కడుపు నిండినట్టయింది.

ఇంటికొచ్చేసరికి రోజీ బీరువా ముందు కూర్చుని ఉంది. ఒళ్లో నాన్న ఫొటో.

“నాన్నకి నిజంగా మామిడి పడదా?”

“పడదు.”

“అందుకేనా ఎండాకాలం సెలవులకి వచ్చేవాడు కాదు?”

సవరమ్మ తలూపింది. “నువ్వు నవ్వుతావని చెప్పనిచ్చేవాడు కాదు.”

“నేనంటే ఇష్టం లేక రావట్లేదనుకున్నానమ్మా ఇన్నాళ్లూ” అంది రోజీ. అని, ఫొటో మీదికి వంగి ఏడ్చింది.

ఈ ఏడుపు సవరమ్మ అనుకోనిది. మొగుడు సిగ్గుపడి దాచమన్న మాటకి తను కాపలా కాసినన్నాళ్లూ, ఈ పిల్ల లోపల ఏం మోసిందో ఇప్పుడు తెలిసింది. ఫొటో అందుకోబోయి ఆగింది. పెరట్లోకి వెళ్లి, సబ్బు పెట్టి మోచేతుల దాకా చేతులు రుద్ది కడుక్కుంది. నవంబరు నెలలో సొన ఎక్కడిది? అయినా కడుక్కుంది, అతను క్రిస్మస్‌కి ఇంటికొచ్చినప్పుడు, ముట్టుకునే ముందు కడుక్కున్నట్టే. తర్వాత ఫొటో తీసుకుని మేకుకి తగిలించింది.